కాలనీ రోడ్డు మీద లారీలు: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మా,

మీ కాలనీ సంక్షేమ సంఘానికి నిన్ను కార్యదర్శిని చేశారట, మొదటి పనే లారీల గొడవ నెత్తిన పడిందట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విశాఖలో గాజువాక చుట్టుపక్కల ఈ బాధ ఇవాళ్టిది కాదు. ఒకపక్క పోర్టు, ఒకపక్క స్టీల్ ప్లాంటు, మధ్యలో ఆటోనగర్. హైవే మీద బండ్లు ఆగిపోయాయంటే పక్క వీధుల్లోకి దిగిపోతాయి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చుని ఏళ్ల తరబడి లోడ్లు పంపించినవాణ్ణి, అటువైపు వాళ్ల లెక్కలు నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

ముందుగా, రోడ్డుకి అడ్డంగా రాళ్లు పెట్టనివ్వకు. రేపు అంబులెన్సుకీ ఫైరింజనుకీ అవే అడ్డం. డ్రైవరు మీదకి కుర్రాళ్లని వెళ్లనివ్వకు. అతను రాత్రంతా బండి తోలి వచ్చినవాడు, ఆఫీసువాళ్లు చెప్పిన దారినో ఫోన్లో మ్యాపు చూపిన దారినో వస్తాడు.

‘మా వీధిలోకి లారీలు రాకూడదు’ అని అర్జీ పెడితే ఏ అధికారీ సంతకం పెట్టడు. గ్యాస్ సిలిండర్ల బండి రావాలి, ఇల్లు కట్టుకునేవాళ్లకి ఇసుక, కంకర రావాలి, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) చెత్త బండి రావాలి. మీకు ఇబ్బంది మీ వీధిలో ఏ పనీ లేకుండా అడ్డదారిన దూసుకుపోయేవాటితో. కాబట్టి ఫలానా మలుపు నుంచి ఫలానా మలుపు దాకా, ఫలానా గంటల్లో, కాలనీలో లోడు దింపే పనిలేని భారీ వాహనాలు రాకూడదని రాయి. అవి ఏ దారిన పోవాలో కూడా అందులోనే చూపించు. పోర్టుకి వెళ్లేవాటికి షీలానగర్ నుంచి పోర్టు కనెక్టివిటీ రోడ్డు ఉంది. ఊళ్లో పనిలేనివాటికి అనకాపల్లి, ఆనందపురం మధ్య ఆరు వరసల రోడ్డు ఉంది. దారి చూపకుండా మూసేయమంటే ఆ బండ్లు పక్క కాలనీలోకి పోతాయి, రేపు వాళ్లే మీ మీద అర్జీ పెడతారు.

అర్జీకి బలం మీరు రాసే లెక్క. ఓ వారం పాటు వంతులు వేసుకుని ఒక నోటుబుక్కులో రాయండి: బండి నంబరు, టైము, ఎటు నుంచి ఎటు, టిప్పరా, ట్రైలరా, కంటైనరా, ఎన్ని టైర్లు, లోడా ఖాళీయా. టార్పాలిన్ కప్పి ఉంటే లోపలేముందో కనబడదు, అయినా చెప్పొచ్చు. లోడు మీదున్న బండికి కమాను కట్టలు (చక్రాల పైనుండే వంపు స్ప్రింగులు) అణిగి దాదాపు తిన్నగా కనిపిస్తాయి, లిఫ్ట్ యాక్సిల్, అంటే పైకెత్తి ఉంచే ఇరుసు, ఉంటే దాని టైర్లు రోడ్డుకి ఆని ఉంటాయి. ఖాళీ బండికి ఆ టైర్లు గాల్లో ఉంటాయి. ఈ తేడా రాసిన పుస్తకం చూస్తే ఇంజనీరు గౌరవంగా మాట్లాడతాడు. ఎందుకంటే ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకి నష్టం దాదాపు 16 రెట్లవుతుందని రోడ్లు వేసేవాళ్లందరికీ తెలుసు. కాలనీ రోడ్డు ఆ బరువుకి వేసింది కాదు. దాని కిందే మంచినీళ్ల పైపులు, డ్రైనేజీ మ్యాన్‌హోళ్లు.

ఆ పుస్తకంలో అవే నంబర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తే, పోలీసుల కంటే ముందు ఆ బండ్లు పంపే ఆఫీసుకి వెళ్లు. లోడు కాగితాలు ఇచ్చేటప్పుడు డ్రైవరుకి ‘ఆ రోడ్డున పోవద్దు’ అని ఒక్క మాట చెప్పేవాడు అక్కడే ఉంటాడు. సగం పని అక్కడే అయిపోవచ్చు.

పిల్లల సంగతి మాత్రం అర్జీకి జవాబు వచ్చేదాకా ఆపొద్దు, ఇవాళే చెప్పు. ట్రైలరు మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మూల లోపలికి కోసుకుంటూ వస్తాయి. మీ మూలమీద కాలవ పలకలు పగిలేది అందుకే. సైకిలు మీద ఎడమపక్కన ఆగిన పిల్లవాడు క్యాబిన్లో ఉన్న డ్రైవరుకి కనబడడు. స్కూలు బస్సు ఎక్కే చోటు ఆ మూల నుంచి లోపలికి జరిపించు.

ఇక చట్టం. ఏ రోడ్డు మీద ఏ బండ్లు తిరగకూడదో చెప్పే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారం ఇచ్చినవాళ్లకి ఉంటుంది. నెలకి మించని ఆంక్షకి గెజిట్ ప్రకటన అక్కర్లేదు, ఆ ప్రాంతంలో ప్రచారం చేస్తే చాలు. అందుకని మొదటే శాశ్వతంగా అడక్కు, ఒక నెల చూడమని అడుగు. ఆ నెలంతా లెక్క రాస్తూనే ఉండండి, పొడిగింపుకి అదే ఆధారం. మోతాదు మించిన లోడయితే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000 జరిమానా. బండి పంపినవాడికీ అది తగులుతుంది. ఆఫీసువాళ్లతో మాట్లాడేటప్పుడు మెల్లగా గుర్తుచెయ్యి.

సోమవారం అర్జీల రోజున కలెక్టరేట్‌లో ఒకటి, జీవీఎంసీలో ఒకటి ఇచ్చి, ట్రాఫిక్ పోలీసులకి ఇంకో కాపీ ఇవ్వు. రసీదు నంబరు లేకుండా తిరిగి రావద్దు. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, ఆ అర్జీ మీద ఏం చేశారని అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

బోర్డు పెట్టేటప్పుడు నువ్వు దగ్గరుండు. మీ వీధి మొదట్లో పాతితే డ్రైవరు చూసేసరికే బండి లోపలికి వచ్చేసి ఉంటుంది, అంత పొడుగు బండిని వెనక్కి తీయలేడు. హైవే మీద మలుపుకి ముందే, చెట్టుకొమ్మ అడ్డం లేని చోట, రాత్రి లైటు పడితే మెరిసేలా పెట్టించు. అర్జీ రాశాక వాట్సాప్‌లో పంపు, చూసి పెడతాను.

మీ మావయ్య