ఏ నేరమూ చేయనివాడు పాపి ఎలా అవుతాడు?

"ఎవరికీ అన్యాయం చేయకుండా బతికేవాణ్ణి కూడా క్రైస్తవులు పాపి అంటారెందుకు? పైగా కృప ఉంది, క్షమాపణ ఉంది అంటే ఇక తప్పులు చేసుకుంటూ పోవచ్చు కదా?" అని అడిగారు.

ఎవరికీ అన్యాయం చేయలేదనే నేనూ అనుకునేవాణ్ణి. మాది గుంటూరు వైపు లూథరన్ క్రైస్తవ కుటుంబం, 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చి మొదలుపెట్టిన సంఘం. తలంపులో, మాటలో, క్రియలో పాపం చేశామని ప్రతి ఆదివారం ఆరాధనలో ఒప్పుకుంటాం. చిన్నప్పట్నుంచీ నాకది కంఠతా వచ్చు. కంఠతా వచ్చింది కాబట్టే ఒక్కసారీ గుండెకు తగల్లేదు.

డిగ్రీ అయ్యాక ఒక మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేరాను. కాటా మీద టిక్కీ, అంటే మిర్చి బస్తా పెడతారు, అంకె చూసి పట్టీలో, అంటే రైతు సరుకు లెక్క చీటీలో రాయడం నా పని. గోతం బరువనీ, తేమనీ, తాలు కాయలనీ తీసే తరుగు ఎలాగూ ఉంటుంది. నేను దాని పైన టిక్కీకి ఇంకో కిలో తగ్గించి రాసేవాణ్ణి. యజమాని అలా రాయమని ఎప్పుడూ చెప్పలేదు. ఆ కిలోల్లో నాకు పైసా వచ్చేది కాదు. సాయంత్రం లెక్క చూసి "కుర్రాడు పనిమంతుడు" అంటాడని, అంతే.

ఒకరోజు నరసరావుపేట అవతల పల్లె నుంచి ఒక పెద్దాయన 22 టిక్కీలు తెచ్చాడు. నుదుట విభూతి. మిర్చి ఘాటుకి ఇద్దరికీ కళ్లూ ముక్కూ కారుతున్నాయి. ప్రతి టిక్కీకీ కాటా పక్కకొచ్చి నిలబడ్డాడు, ఏమీ అనలేదు. కిలో 50 రూపాయలున్న రోజులు. ఆయన పట్టీలో 22 కిలోలు, అంటే 1,100 రూపాయలు కోసేశాను. మధ్యాహ్నం బస్తాల నీడన క్యారేజీ విప్పి, "పొద్దుట్నుంచీ నువ్వూ ఏం తిన్లేదుగా అబ్బాయ్, రా" అని గోంగూర కలిపిన ముద్ద చేతిలో పెట్టాడు. తిన్నాను. చెయ్యి కడుక్కొచ్చి మిగిలిన పట్టీ రాశాను. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

పాపం అంటే నాకు ఆ నిద్రే. నేరమైతే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు.

ఆ ఏడు గుడ్ ఫ్రైడే ముందురోజు రాత్రి, యేసు చివరి భోజనాన్ని తలచుకునే సంస్కారపు ఆరాధనలో పాస్టరు అయ్యగారు రొట్టె ముక్క అరచేతిలో పెట్టగానే ఆ గోంగూర ముద్ద గుర్తొచ్చింది. గొంతు దిగలేదు. జీతం రాగానే పట్టీ పుస్తకంలో ఊరి పేరు చూసుకుని వెళ్లాను.

చెప్పాల్సింది చెప్పేదాకా ఆయన మంచం మీద కూర్చుని విన్నాడు. "తెలుసులే. చదువు రాకపోతే కాటా మీద అంకెలు రావా? మొదటి టిక్కీ అప్పుడే చూశా" అన్నాడు. మరి అడగలేదేమన్నాను. "అడిగితే కొట్టులో తెచ్చుకున్న అప్పు తీర్చమంటారు." మరి అన్నం ఎందుకు పెట్టారన్నాను. "ఆకలి మొహంతో ఉన్నావుగా." నా 1,100 రెండుసార్లు లెక్కపెట్టుకుని బొడ్లో దోపుకున్నాడు.

ఆయన శివరాత్రికి కోటప్పకొండ ఎక్కే మనిషి. కృప అంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఆ ముద్దతోనే. నా మోసం తెలియక పెట్టిన అన్నం కాదది, తెలిసే పెట్టాడు. ప్రభువు కూడా శిష్యుడు యూదా తనను పట్టించబోతున్నాడని తెలిసే, ఆ చివరి భోజనపు బల్ల దగ్గర అతనికి ముక్క అందించాడు.

ఆయన ఒక్కడి బాకీ తీరింది. మిగతా రైతుల పేర్లే నాకు గుర్తులేవు, ఎన్ని వందల టిక్కీలో లెక్క లేదు. నేను ఈ జన్మలో తీర్చలేను. "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అన్న పౌలు మాట పట్టుకుని వేలాడేది ఆ తీర్చలేని బాకీ దగ్గరే.

ఇక తప్పులు చేసుకుంటూ పోవచ్చా అన్న ప్రశ్న. ఈ అనుమానం మీకు రావడానికి మా ప్రసంగీకులే కారణమని నా కోపం. మైకు పట్టుకుని సినిమా పాపం, నగలు పాపం అంటారు, కాటా ఊసెత్తరు. యేసును చూడాలని పన్నులు వసూలు చేసే జక్కయ్య చెట్టెక్కిన కథ పిల్లలతో ఆడిస్తారు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న మాట దగ్గర తొందరగా దాటిపోతారు. నేనిచ్చింది ఒకంతే. ప్రార్థన చేసిన నూనె అంటూ అభిషేక తైలం సీసాల్లో పోసి అమ్ముతుంటే నాకు కడుపు మండిపోతుంది. మా సంఘానికి పేరైన మార్టిన్ లూథర్ 1517లో 95 వాదాలు రాసింది పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీదే కదా!

'అమేజింగ్ గ్రేస్' పాట రాసిన ఇంగ్లీషు నావికుడు జాన్ న్యూటన్ కథ కూడా సగమే చెబుతారు. 1748లో తుఫానులో ప్రార్థన చేసి మారాడంటారు. ఆ తర్వాతే బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు, 1754 దాకా ఆ వ్యాపారం వదల్లేదు. తప్పు ఒప్పుకుంటూ ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా పుస్తకం అచ్చేసింది 1788లో. నలభై ఏళ్లు పట్టింది. కృప ఆయన్ని ఒక్క రాత్రిలో కడిగేసి వదిలేయలేదు, వెంటపడి కళ్లు తెరిపించింది. నాకు తెరుచుకున్నది మిర్చి పట్టీ ఒక్కటే. ఇంకా వేటి మీద హాయిగా నిద్రపోతున్నానో అన్న భయం ఉంది.

పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. వాళ్లబ్బాయి ఇప్పటికీ మిర్చే వేస్తాడు, సరుకు నా దగ్గరికే తెస్తాడు. అంకె పైకి చదువుతాను, అతను తల ఊపేదాకా పట్టీలో కలం పెట్టను.