తలుపు వేసి ఉన్నప్పుడు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు షోరూమ్ ఉద్యోగం మానేసి కూకట్‌పల్లిలో సొంతంగా గ్యాస్ గీజర్ల సర్వీసు పెడుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం వేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. "వాడు మీ పనే ఎత్తుకున్నాడు, ఇంకేం కావాలి?" అంటుంది మీ అత్తయ్య. ఫోన్లో చెబితే "ఊఁ, సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. గీజరు అసలు పలక్కపోతే ముందు సెల్స్ మార్చి చూడు. నీళ్ళ ధార సన్నగా ఉంటే డయాఫ్రమ్, అదే నీళ్ళ ఒత్తిడికి కదిలి గ్యాస్ తెరిచే రబ్బరు పొర, కదలదు, జల్లెడలో మట్టి కడుగు. వెలిగిన నాలుగు సెకన్లకే ఆరిపోతుంటే సెన్సర్ పుల్లకు మసి పట్టిందో, అది పక్కకు వంగిందో చూడు. ఆలస్యంగా ధబ్బుమని అంటుకుంటుంటే బర్నర్‌లో దుమ్ము ఉందేమో, స్పార్క్ పుల్ల జరిగిందేమో చూసుకో. గ్యాస్ బయటికి చిమ్మే సన్న కంత, అదే జెట్టు, పూడితే విప్పి ఊదు, పిన్నుతో పొడవకు. కంత పెద్దదైతే మంట చెడుతుంది. సిలిండర్ గీజరును పైపు గ్యాస్‌కు తగిలించమంటే జెట్లు మార్చకుండా ముట్టుకోకు. లీకుకు సబ్బు నురుగే వాడు. అగ్గిపుల్లతో వెతికావని తెలిసిందో, అక్కడికే వచ్చి చెవి మెలేస్తాను.

ఇక పసుపు మంట. నీలంగా ఉండాల్సిన మంట పసుపు తిరిగిందంటే గాలి చాలడం లేదని. బర్నర్ గొట్టాల్లో సాలీడు గూడు పెట్టి ఉంటుంది, లేదా పైన రాగి రెక్కల మధ్య మసి పేరుకుని ఉంటుంది. ఇదీ నీకు వచ్చు. 2005 డిసెంబరులో నాకూ వచ్చు.

ఆ నెల మలక్‌పేటలో ఒక ఇంటికి వెళ్ళాను. స్నానం సగంలో మంట పసుపుపచ్చగా అవుతోంది, గోడంతా మసి పడుతోంది అన్నారు. గీజరు బాత్రూమ్ లోపలే ఉంది. తలుపు బార్లా తీసి, స్టూలు వేసుకుని, బర్నర్ విప్పి బ్రష్‌తో దులిపాను. బోలెడు దుమ్ము రాలింది. బిగించి పది నిమిషాలు నడిపాను. కొత్త పొయ్యి మీద ఉన్నట్టు చక్కటి నీలం మంట. ఆ ఇంటావిడ కాఫీ ఇచ్చింది. నూట యాభై తీసుకుని, ఈలేసుకుంటూ స్కూటర్ ఎక్కాను.

మూడో రోజు పొద్దున్నే ఆ ఇంటి అబ్బాయి షాపు ముందు నిలబడ్డాడు. వాళ్ళక్క స్నానానికి వెళ్ళి పడిపోయింది. తలుపు పగలగొట్టి బయటికి లాగారు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, బతికింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "ఏమైందో ఒకసారి చూస్తారా అంకుల్" అన్నాడు, అంతే.

వెళ్ళి చూశాను. చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కు పాత క్యాలెండర్ అట్ట పెట్టి మేకులు కొట్టేశారు. మొన్న నేను స్టూలెక్కినప్పుడు అది నా తలకు జానెడు దూరంలో ఉంది. అప్పుడూ కనపడింది. చూసి మళ్ళీ బర్నర్ వైపు తిరిగాను. నేను తలుపు తీసి బాగుచేశాను, ఆ పిల్ల తలుపు వేసుకుని స్నానం చేసింది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. చిన్న గీజరే పావుగంటకు దాదాపు 200 గ్రాముల గ్యాస్ తాగుతుంది. అది పూర్తిగా కాలడానికి రెండున్నర ఘనపు మీటర్ల గాలి కావాలి. అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు బాత్రూమ్‌లో ఉన్న గాలి మొత్తం అయిదున్నరే, అంటే దాదాపు సగం మంటకే పోతుంది. మంటకు గాలి చాలనప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. సిలిండర్ గ్యాస్‌కైతే వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట ఇది కూర్చుంటుంది, ఓ పట్టాన లేవదు. తలనొప్పి, వికారం, కాళ్ళలో సత్తువ పోవడం. గడియ తీద్దామనుకునేసరికి చెయ్యి లేవదు.

అందుకని నాన్నా, సంచీ విప్పకముందే అడుగు: స్నానం చేశాక ఎవరికైనా తల నొస్తోందా? అవునంటే గ్యాస్ కట్టెయ్, ఇంకేమీ వెలిగించకు. గీజరు బాత్రూమ్ లోపల ఉంటే, బయట బాల్కనీలో పెట్టించుకుని వేణ్ణీళ్ళ పైపు లోపలికి లాగించుకోమను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారు. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఆ ఫ్యాను పొగ గొట్టంలోని పొగనే వెనక్కి లాగుతుంది. "పక్క మెకానిక్ లోపలే పెడతానన్నాడు" అని బెదిరిస్తారు. పెట్టనీ. ఆ డబ్బు మనకొద్దు. అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగిచ్చెయ్. మీ అమ్మ ముందు నీకు సిగ్గయితే నేను సర్దుతాను.

స్పానర్ల సెట్టు కంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనుక్కో. డబ్బు పంపుతున్నాను, వద్దనకు. ఏడేళ్ళప్పుడు నా షాపులో లైటర్ టక్‌టక్‌లాడిస్తూ కనుబొమ్మ కాల్చుకుని, మీ అమ్మకు చెప్పొద్దని నా లుంగీ వెనక దాక్కున్నావు. నాకింకా ఆ పిల్లాడే కళ్ళ ముందున్నాడు. నేనేం చెయ్యను!

అన్నట్టు, మీ కొత్త ఫ్లాట్‌లో గీజరు బాత్రూమ్ లోపలే ఉందని మీ అమ్మ మాటల్లో అంది. నీ మొదటి పని అదే. ఆదివారం పొద్దున్న బండికి వస్తున్నాను, ఇద్దరం కలిసి దాన్ని బయటికి మారుద్దాం. అందాకా నీళ్ళు పొయ్యి మీద కాచుకోమను.

మీ మామయ్య