తీర జీవావరణ పరిశోధన: డిగ్రీలోనే మొదలుపెట్టాల్సిన పని

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ ఆనర్స్ రెండో సంవత్సరం చదువుతోంది, మైనర్ కెమిస్ట్రీ. సముద్ర తీర జీవావరణంపై పరిశోధన చేస్తానంటోంది. ఏ పీజీ మంచిది? ఓడల మీద నెలల తరబడి ఉండాలా? ఉద్యోగాలుంటాయా?

జవాబు: జువాలజీకి కెమిస్ట్రీ తోడవడం బాగా కలిసొస్తుంది. జీవులతో పాటు అవి బతికే నీటి గురించీ తెలియకపోతే ఈ రంగంలో ముందుకెళ్లలేరు. ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం మీకు దగ్గర్లోనే ఉంది, ప్రవేశం ఏపీ పీజీసెట్‌తో. దూరం పంపగలిగితే కొచ్చిలోని కుశాట్ (కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం), తమిళనాడులో పరంగిపేటలోని అన్నామలై యూనివర్సిటీ మెరైన్ బయాలజీ కేంద్రం చూడండి. పగడపు దిబ్బల మీద ఆసక్తి ఉంటే అండమాన్‌లోని పుదుచ్చేరి యూనివర్సిటీ విభాగం ఇంకా మేలు.

అయితే పీజీ ఎక్కడ చేసిందన్న దానికన్నా, అమ్మాయి చేతికి ఏ పని వచ్చన్నదే నా దృష్టిలో ముఖ్యం. టెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరో, రుషికొండ దగ్గరో ఒకే చోటు ఎంచుకుని, నెలకోసారి చొప్పున ఏడాది పాటు అధ్యయనం చేయమనండి. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరే. రాళ్లు బయటపడి ఉండేది కాసేపే కాబట్టి టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూసుకుని, నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే అక్కడుండాలి. ఒంటరిగా మాత్రం పంపొద్దు.

పీవీసీ పైపుతో 50 సెంటీమీటర్ల చదరపు ఫ్రేము చేసి, నైలాన్ దారంతో 25 గళ్లు కట్టాలి. ఒడ్డు వైపు నుంచి నీటి వైపు రాళ్లను పై, మధ్య, కింది పట్టీలుగా విడదీసుకుని, ఒక్కోదాంట్లో ఐదేసి చోట్ల దాన్ని పెట్టి బార్నకిల్స్ (రాళ్లకు అంటుకుని బతికే పెంకు జీవులు), ఆల్చిప్పలు, ఉల్వా అనే పచ్చ నాచు ఎంత శాతం పరుచుకున్నాయో రాయాలి. చాలామంది, జీవులు గుంపుగా కనిపించిన చోటే ఫ్రేము పెట్టేస్తారు. దాంతో సగటు పెరిగిపోయి లెక్క పనికిరాకుండా పోతుంది. చోట్లను ర్యాండమ్ నంబర్లతోనే ఎంచాలి. సముద్ర దోసకాయలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. వాటిని ఫొటో తీయడం వరకే, ఇంటికి తేకూడదు.

అదే రోజు నీటి ఉష్ణోగ్రత, లవణీయత, కరిగిన ఆక్సిజన్ కొలవాలి. ఆక్సిజన్‌కు వింక్లర్ పద్ధతి కాలేజీ ల్యాబ్‌లోనే చేయొచ్చు. గాజు సీసాను పొంగి పొర్లేదాకా నింపి, పిపెట్ మొన నీళ్లలో మునిగేలా ఉంచి మాంగనస్ ద్రావణం, క్షార అయోడైడ్ వేసి మూత బిగించాలి. లోపల గాలి బుడగ మిగిలితే అందులోని ఆక్సిజన్ కూడా కలిసి రీడింగ్ ఎక్కువొస్తుంది. గోధుమరంగు అవక్షేపం కిందకి దిగాక ఆమ్లం వేసి థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేయాలి.

ఏడాది అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, మన తీరం వెంట ప్రవాహం దిశే మారిపోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి సాగుతుంది. దక్షిణానికి వచ్చేటప్పుడు గంగ, బ్రహ్మపుత్ర వంటి నదుల మంచినీటిని మోసుకొస్తుంది కాబట్టి లవణీయత పడిపోతుంది. రెండు మూడు నెలల డేటాతో ఈ మార్పు పట్టుబడదు. ఆ అంకెలను విశ్లేషించడానికి ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడే నేర్చుకోవాలి. ఇది ఉచితం. పీహెచ్‌డీ దాకా వెళ్లినవాళ్లు ఎక్కువగా తడబడేది స్టాటిస్టిక్స్ దగ్గరే.

ఇక ఉద్యోగాలు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000, ఆపైన ఇంటి అద్దె భత్యం. ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం, సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ), సీఐఎఫ్‌టీ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) కేంద్రాలు విశాఖలోనే ఉన్నాయి. పీజీ ప్రాజెక్టుకు వీటిలో ముందుగానే అడగాలి. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు పడుతుంది. శాశ్వత ఉద్యోగం ముప్పై ఏళ్లకు అటూ ఇటూగా అనుకోండి, అప్పటిదాకా ఎక్కువగా ఫెలోషిప్పులు, కాంట్రాక్టు ప్రాజెక్టులే. అన్నాళ్లు ఆగడానికి ఇంట్లో అందరూ సిద్ధమేనా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. మత్స్యశాఖలో చాలా పోస్టులకు బీఎఫ్‌ఎస్సీ (మత్స్య శాస్త్ర డిగ్రీ) అడుగుతారు, కాబట్టి వాటిని లెక్కలో వేసుకోవద్దు. పర్యావరణ ప్రభావ అంచనా సంస్థల్లో మాత్రం పీజీతోనే అవకాశాలుంటాయి.

ఓడల గురించి భయం వద్దు. తీర జీవావరణంలో పని చాలావరకు ఒడ్డునా, చిన్న పడవల్లోనే. ఓడ ప్రయాణాలు పరిశోధనకు ఎంచుకున్న అంశాన్ని బట్టి ఉంటాయి.