కారు కబుర్లు: కార్పెట్ తడుస్తోందా?

ప్రశ్న: డాలస్‌లో 1999 మోడల్ మాజ్డా మియాటా (పైకప్పు, అంటే టాప్, మడిచేసే రెండు సీట్ల కారు) సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. చాలాకాలం ఉంచుకోవాలనుంది. వాన పడితే సీట్ల వెనక కార్పెట్ తడిసి ముద్దవుతోంది. టాప్ మార్పించాలా?

జవాబు: అప్పుడే డబ్బు పెట్టకండి. టాప్ మీద పడ్డ నీళ్లు సీటు బెల్టుల వెనక మూలల్లోని గొట్టాల గుండా దిగిపోవాలి. ఒక్కో మూలలో అర లీటరు నీళ్లు నెమ్మదిగా పోయండి. వెనక చక్రానికి కాస్త ముందు, కారు కింద కారాలి. కారలేదంటే ఆకులు, మట్టి అడ్డుపడ్డట్టే. గడ్డి ట్రిమ్మర్‌లో వాడే ప్లాస్టిక్ తీగతో మెల్లగా పొడవండి. ఇనప చువ్వ వద్దు, గొట్టం చిరుగుతుంది. కంప్రెసర్ గాలి కొడితే గొట్టం ఊడిపోవచ్చు. అప్పుడు నీళ్లు డోరు కింది రేకులోకి దిగి లోపల్నుంచే తుప్పు పడుతుంది. ఈ కార్లను పాతసామాన్లకు పంపేది ఎక్కువగా ఆ తుప్పే, ఇంజిన్ కాదు.

చాలాకాలం ఉంచుకోవాలంటే ఇంకో మాట. టైమింగ్ బెల్టు (ఇంజిన్ భాగాలను ఒకే లయలో తిప్పే రబ్బరు బెల్టు) మార్చిన రసీదు లేదా? వాటర్ పంపుతో కలిపి మార్పించండి. విప్పే కూలీ ఒక్కటే. తర్వాత 60,000 మైళ్లకోసారి.