ఫీజు తక్కువే, పైఖర్చే ఎక్కువ

పిల్లల ఆటల ఖర్చు మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబులు ఇవి.

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. రెండేళ్లుగా బ్యాడ్మింటన్ నేర్చుకుంటోంది. అకాడమీ ఫీజు ఎలాగో కడుతున్నాం గానీ, ఈకల కాక్‌లకు (షటిల్‌కాక్‌లకు) నెలనెలా అంతకు మించి అవుతోంది. డబ్బా ధర ఇంతలా ఎందుకు పెరిగింది? తగ్గించుకునే దారి ఉందా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ధర మీ ఊరి దుకాణదారు చేతిలో లేదండీ. ఒక్కో కాక్‌కు 16 ఈకలు కావాలి. అన్నీ ఒకే వైపు రెక్కవై ఉండాలి, లేకపోతే గాలిలో సరిగా తిరగదు. అందుకే ఒక్క పక్షి నుంచి పనికొచ్చేవి కొన్నే దొరుకుతాయి. ఈ ఈకలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. అక్కడ బాతుల పెంపకం తగ్గేసరికి ఇక్కడ డబ్బా ధర ఎక్కింది.

ధరను ఆపలేం. కాక్ తొందరగా పాడవడాన్ని ఆపొచ్చు. మన సీమ గాలి పొడి గాలి. ఎండిన ఈక పెళుసుబారి నాలుగు స్మాష్‌లకే విరుగుతుంది. ఆడబోయే ముందురోజు రాత్రి గిన్నెలో నీళ్లు మరిగించి, డబ్బాకు ఈకలవైపు మూత తీసి, ఆవిరి మీద ఐదు నుంచి పది సెకన్లు పట్టండి. వెంటనే మూత పెట్టి, కార్క్ కిందికి ఉండేలా నిలబెట్టి పొద్దున దాకా వదిలేయండి. మంచిదే కదా అని నిమిషం పాటు పెడితే ఈకలు మెత్తబడతాయి, జిగురు వదులవుతుంది, కాక్ ఊగుతూ పోతుంది.

రెండోది స్పీడు నంబరు. డబ్బా మూత మీద 75, 76, 77, 78 లాంటి అంకె ఉంటుంది (కొన్ని కంపెనీల అంకెలు వేరు). అంకె పెరిగేకొద్దీ కాక్ దూరం పోతుంది. ఎండకు గాలి పలచబడుతుంది కాబట్టి కాక్ మామూలు కంటే ముందుకు దూసుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 77 తెస్తే కొట్టిన ప్రతిదీ గీత దాటుతుంది. అప్పుడు పిల్లలు ఈకల కొసలు మడిచి వేగం తగ్గిస్తారు, మడిచిన ఈక ఎక్కువసేపు నిలవదు. 76 అడగండి, బాగా ఎండలు ముదిరితే 75. పరీక్ష కూడా ఉంది. వెనక గీత మీద నిలబడి, పక్క గీతలకు సమాంతరంగా, కింది నుంచి పైకి పూర్తి బలంతో కొట్టాలి. అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడితే సరైన స్పీడు. డజను డబ్బాలు ఒకేసారి కొనేముందు ఒక డబ్బా తెచ్చి ఇలా చూడండి.

ఇక వాటా లెక్క. ఒక కోర్టులో రోజుకు మూడు కాక్‌లు, నెలకు 25 రోజులు అనుకుంటే 75. డబ్బాకు 12 చొప్పున ఆరు డబ్బాల పైచిలుకు. నలుగురు పంచుకుంటే తలకు డబ్బాన్నర. మీ దగ్గర అంతకు మించి తీసుకుంటుంటే మర్యాదగానే లెక్క అడగండి. నెట్ దగ్గరి సాధనకు, కోచ్ వరసగా విసిరి ఆడించే సాధనకు పాత కాక్‌లు చాలు. ఇంటి దగ్గర ఆడుకోవడానికి నైలాన్‌వి వాడొచ్చు, ఆకుపచ్చ పట్టీ ఉన్నవి కొనండి, అవే నెమ్మదివి. పూర్తిగా నైలాన్‌కు మారిస్తే మాత్రం నెట్ ఆట రాదు.

రాకెట్ తీగ ఈ వయసుకు 20–22 పౌండ్ల బిగువు చాలు. పెద్దవాళ్లను చూసి 26 వేయిస్తే తీగ తొందరగా తెగుతుంది, మోచేయి నొప్పి అదనం. తీగ ఎప్పుడూ అంచులోనే తెగుతుంటే తప్పు తీగది కాకపోవచ్చు. ఫ్రేమ్ రంధ్రాల్లోని ప్లాస్టిక్ గ్రామెట్లు అరిగాయేమో చూడమనండి, వాటి ఖర్చు చాలా తక్కువ. ఒక తీగ తెగిన వెంటనే మిగతావి కూడా నడిమి నుంచి అంచులకు కత్తిరించేయండి. అలాగే వదిలేస్తే ఒకవైపు లాగుడుకు ఫ్రేమ్ వంకరపోతుంది.

ప్రశ్న: బాబుకు పదకొండేళ్లు, క్రికెట్ కోచింగ్‌కు పంపుతున్నాం. ఇంగ్లిష్ విల్లో (ఖరీదైన రకం కొయ్య) బ్యాట్ తెమ్మన్నారు. ఎదిగే పిల్లవాడు కదా, ఒక సైజు పెద్దది కొనమని మా బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, గుత్తి

జవాబు: రెండూ వద్దమ్మా. బరువు బ్యాట్ పట్టిన పిల్లవాడు కింది చేత్తో లాగి కొడతాడు, నిటారు బ్యాట్‌తో ఆడటం రాదు. ఆ అలవాటు మాన్పించడం బ్యాట్ ధర కంటే ఖరీదు. బూట్లు వేసుకుని నిలబడ్డాక బ్యాట్‌ను కాలి పక్కన నేలకు ఆనిస్తే పిడి కొస తుంటి ఎముక దగ్గరికి రావాలి. అది చాలు. ఏడాదికో ఏడాదిన్నరకో సైజు మారే వయసులో చవకరకం కొయ్య కాశ్మీర్ విల్లో చాలు. అండర్-13లో వాడే బంతి కూడా పెద్దవాళ్ల బంతి కంటే తేలిక, సుమారు 135 గ్రాములు. కోచ్ చెప్పిన దుకాణంలోనే కొనాలన్న నియమం ఎక్కడా లేదు.

కొన్నాక ముడి అవిసె నూనె ఒక చెంచాడు, ముందు వైపూ అంచులకూ అడుగుకూ పలచగా పూయండి. స్టిక్కర్ల మీద, పిడి అతికిన చోట వద్దు. పడుకోబెట్టి ఆరనిచ్చి, మర్నాడు ఇంకోసారి. రంగుల కొట్లో దొరికే మరిగించిన నూనె పనికిరాదు. తర్వాత కొయ్య సుత్తితో గానీ, మేజోడులో వేసిన పాత బంతితో గానీ మొత్తం ఐదారు గంటలు, రోజుకు కాసేపు, మెల్లగా మొదలుపెట్టి కొట్టాలి. ఇది చేయకుండా నేరుగా నెట్స్‌కు తీసుకుపోతే అంచు చిట్లుతుంది. సిమెంటు పిచ్ మీద ఆడేవాళ్లు అడుగున టో గార్డు (బ్యాట్ అడుగు అరగకుండా వేసే తొడుగు) వేయించుకోవాలి. రేకుల గదిలో, బండి డిక్కీలో బ్యాట్ పెట్టొద్దు.

మిగిలిన డబ్బు హెల్మెట్ మీద పెట్టండి. బీఎస్ 7928:2013 (క్రికెట్ హెల్మెట్లకు బ్రిటిష్ ప్రమాణం) ముద్ర ఉన్నది, పిల్లల సైజుదే కొనాలి. పెద్దవాళ్ల హెల్మెట్‌లో జాలీకీ పైఅంచుకూ మధ్య సందు పెద్దవాళ్ల బంతిని లెక్కలో పెట్టుకుని ఉంటుంది. పిల్లల బంతి చిన్నది, అందులోంచి దూరి ముఖానికి తగలొచ్చు. ప్యాడ్లు, బ్యాగు, బూట్లు వాడినవి తీసుకోండి, దోషం లేదు. హెల్మెట్ మాత్రం వాడినది వద్దు. ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి కనిపించదు.

ప్రశ్న: నెలకో టోర్నమెంట్ అంటున్నారు. ఎంట్రీ ఫీజు, బస్సు, లాడ్జి, తిండి... ఒక్కోసారి బెంగళూరు దాకా. అన్నిటికీ పంపాలా?
– పేరు వద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: అక్కర్లేదు. ప్రతి టోర్నమెంట్ గురించీ ఒకే మాట అడగండి: ఇందులో గెలిస్తే తర్వాతి ఎంపికకు పనికొస్తుందా? రాష్ట్ర సంఘం గుర్తింపు ఉన్న పోటీలు, జిల్లా ఎంపికలు పనికొస్తాయి. ప్రైవేటు కప్పులు అనుభవానికి మంచివే, ఏడాదికి రెండు మూడు చాలు. బడి పిల్లలకు స్కూల్ గేమ్స్ ఉన్నాయి. అండర్-14, 17, 19 విభాగాల్లో మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి పంపుతారు. బడి పీఈటీ సారుతో జూన్‌లోనే మాట్లాడి పెట్టుకోండి, తేదీలు గబుక్కున వస్తాయి. కొత్త జిల్లాలు వచ్చినా చాలా ఆటల్లో ఎంపికలు ఇంకా ఉమ్మడి జిల్లా పేరిటే జరుగుతున్నాయి. నంద్యాల పిల్లలు ఎక్కడికి వెళ్లాలో ముందే కనుక్కోవడం మేలు.

జనన ధ్రువపత్రంలో పేరు, తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో ఇప్పుడే చూడండి. ఎంపిక రోజున తేడా బయటపడితే అక్కడ ఎవరూ సర్దరు.

ప్రశ్న: మాకు ఇవేవీ భరించే స్తోమత లేదు. పాప మూడో తరగతి, బాగా పరుగెత్తుతుంది. ఎక్కడ చేర్పించాలి?
– ఒక అమ్మమ్మ, రాయచోటి

జవాబు: కడప పుట్లంపల్లిలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉందమ్మా. చేరిక నాలుగో తరగతిలో, కాబట్టి మీకు సరిగ్గా సమయం. ఎంపికలో ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (వేగం అందుకున్నాక సమయం కొలిచే పరుగు), 6x10 మీటర్ల షటిల్ రన్ (పది మీటర్లు అటూ ఇటూ ఆరుసార్లు పరుగెత్తడం), నిలబడి ముందుకు దూకడం, పైకి దూకడం, మెడిసిన్ బాల్ (బరువు బంతి) విసరడం, వంగుడు, 800 మీటర్ల పరుగు చూస్తారు. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) క్రీడా గ్రామం కూడా పేద పిల్లల కోసమే నడుస్తోంది, అక్కడ ఏ ఆటకు ఏ వయసులో తీసుకుంటారో నేరుగా వెళ్లి అడగండి.

వేగంగా పరుగెత్తే పిల్లలు 800 మీటర్లలో దెబ్బతింటారు. మొదటి రెండు వందల మీటర్లలోనే ఊపిరంతా పెట్టేసి చివర నడుస్తారు. వారానికి మూడు రోజులు నెమ్మదిగా పది నిమిషాలు ఆగకుండా పరుగెత్తించండి, ఒక రోజు షటిల్ రన్ మలుపులు నేర్పండి. పది మీటర్లు టేపుతో కొలిచి రెండు ఇటుకలు పెడితే చాలు. పరీక్ష కోసం కొత్త బూట్లు కొనొద్దు. కనీసం రెండు వారాలు వేసుకుని తిరిగినవే ఉండాలి, లేకపోతే పరుగు సగంలోనే మడమ బొబ్బలెక్కుతుంది.