రోహిణి వానకు విత్తనం వేయకు

బెంగళూరు, మే 28

చిన్నా,

"పెద్దనాన్నా, ఇక్కడ మబ్బు పట్టింది, సోయా వేసేద్దామా" అని నిన్న ఫోన్లో అడిగావు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మారతహళ్లిలోనూ రోజూ సాయంత్రం ఉరిమి కురుస్తోంది. ఈ రోహిణి కార్తె వానలను నమ్ముకోకు. ఒక పూట దంచి, పది రోజులు మొహం చాటేస్తాయి.

సోయా గింజ తన బరువులో సగం నీళ్లు తాగితేగానీ మొలకెత్తదు. తాగుతుండగా నేల ఆరిందంటే లోపలే చస్తుంది. ఒక ఏడు నేనూ ఇలాగే తొందరపడ్డాను. వారం తర్వాత సాలు తవ్వితే గింజలు ఉబ్బి, మెత్తబడి, వేళ్ల మధ్య చితికిపోయాయి. మళ్లీ విత్తనం కొని వేసేసరికి పుష్యమి కార్తె, అంటే జులై మూడో వారం దాటి, వచ్చేసింది. ఆ పైరు మోకాలెత్తు ఎదగకుండానే పూతకొచ్చింది. సోయాకు పగటి పొద్దు లెక్క. పొద్దు తగ్గేకొద్దీ పూతకు త్వరపడుతుంది. ఆలస్యంగా వేస్తే కొమ్మలు వేసే వ్యవధే ఉండదు, ఇంక కాయలెక్కడివి?

అందుకే ముందు 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడనీ. ఇక్కడి ఎర్రమట్టిలా మన ఆదిలాబాద్ రేగడి పైన చూస్తే తెలిసిపోదు. జానెడు లోతు తవ్వి, అడుగు మట్టిని పిడికిట పట్టు. ముద్ద కడితే విత్తు. పొడిపొడిగా రాలితే, పక్కచేను వాళ్లు గొర్రు కట్టి విత్తేస్తున్నా సరే, నువ్వు ఆగు. మృగశిర చివర, ఆరుద్ర కార్తెలు, అంటే జూన్ మూడో వారం నుంచి జులై మొదటి వారం దాకా, మంచి అదును. జులై 10 దాటితే ఆ చేనులో కంది వేసుకో.

ఆరుద్రలో వేసిన చేను ఆగస్టు మొదట్లో పూస్తుంది, నెలాఖరుకు గింజ పోసుకుంటుంది. సరిగ్గా అప్పుడే మఖ కార్తె వస్తుంది. "మఖా పంచకం సదా వంచకం" అని, అంటే మఖ నుంచి అయిదు కార్తెలు వానను నమ్మించి మోసం చేస్తాయని, మీ తాత ఊరికే అనేవాడు కాదు. రెండు వారాలు చినుకు లేకపోతే కాయ నిండుగానే కనిపిస్తుంది, ఒలిస్తే లోపల నొక్కుల గింజ. బావిలో ఒక్క తడికే నీళ్లుంటే ఆ సమయం కోసమే దాచు.

విత్తనం 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టిపెట్టు. అయిదో రోజుకు 70 మొలవకపోతే ఆ బస్తా వద్దు. ఆటోలోంచి బస్తాలు ధబాల్న పడేయనివ్వకు. సోయా పొర పలచన, దెబ్బ తగిలితే మొలక పోతుంది.

వాన పడ్డాక మట్టి ముద్ద ఫొటో పంపు. చూసి చెబుతాను.

మీ పెద్దనాన్న