రాసిపెట్టి ఉంటే మాత్రలెందుకు అంటున్నారు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 41 ఏళ్లు, మావారికి 48. మూడెకరాల వరి, కొద్దిగా కొబ్బరి ఉన్నాయి. పధ్నాలుగు నెలల కిందట మా పెద్దబ్బాయి, 20 ఏళ్లవాడు, రాత్రి ఎనిమిదింటికి మా అత్తయ్యగారి బీపీ మాత్రలు తేవడానికి బండి మీద వెళ్లాడు. తిరిగొస్తూ మలుపు దగ్గర కాలువలో పడి చనిపోయాడు. పంపింది నేనే. అత్తయ్యగారు ఒకసారి ‘నువ్వు పంపకపోతే వాడు ఉండేవాడు’ అంటారు, ఇంకోసారి ‘వాడి ఆయుష్షు అంతే రాసుంది’ అంటారు. మా పిన్ని కూతురు వాళ్లు ప్రార్థనకు వెళతారు. ‘జగత్తు పుట్టకముందే దేవుడు నిర్ణయించాడు, మనం అడగకూడదు’ అంటుంది. మావారికి ఎనిమిదేళ్లుగా షుగరు. మూడు నెలలుగా మాత్రలు మానేశారు. కాలి బొటనవేలి కింద పుండు పడి మూడు వారాలైంది. ఆస్పత్రికి రమ్మంటే ‘పోయే రోజు రాసుంటే డాక్టరు ఆపుతాడా’ అంటున్నారు. తెలిసినాయన ఒకరు దోషం ఉంది, 40 వేలు పెట్టి శాంతి చేయించాలన్నారు. దేవుడికి ముందే తెలిస్తే తప్పు నాదెలా అవుతుంది? రాయలేదంటే నా బిడ్డను నేనే చంపుకున్నట్టా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా కాలి పుండుతో మొదలుపెడతాను. దేవుడి సంగతి మాట్లాడుకోవడానికి టైముంది. ఆ పుండుకు లేదు.

షుగరున్న మనిషి పాదం మీద మూడు వారాలుగా మానని పుండు ఉంటే ఈ వారంలోనే చూపించాలి. నల్లబడటం, చీము, వాసన, ఎరుపు పుండు చుట్టూ పైకి పాకడం, పాదం వాచి వేడెక్కడం, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అప్పుడు వారం కాదు, ఆ రోజే. ‘నొప్పే లేదు కదా’ అని ఆయన అంటారు. నొప్పి లేకపోవడమే ఇక్కడ చెడ్డ గుర్తు. షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదంలో నరాలు మొద్దుబారిపోతాయి, ముల్లు దిగినా తెలియదు. అందుకే వేడినీళ్ల కాపడం పెట్టకండి, చర్మం బొబ్బలెక్కినా ఆయనకు తెలియదు. పసుపు, సున్నం, ఆకుపసర్లు ఏవీ వద్దు. కాచి చల్లార్చిన నీళ్లతోనో సెలైన్‌తోనో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ వేసి కట్టండి, రోజూ మార్చండి. ఇలాంటి పుండు మందు వేసినా మానకపోవడానికి పెద్ద కారణం, మనిషి దాని మీదే నడుస్తూ ఉండటం. చెప్పుల్లేకుండా పొలం గట్టు మీదికి, బురదలోకి వెళ్లారంటే మీరు కట్టిన కట్టు ఎందుకూ పనికిరాదు. పుండు పక్కన రూపాయి బిళ్ల పెట్టి రెండు రోజులకోసారి ఫోన్లో ఫొటో తీయండి. పెరుగుతోందో లేదో వాదించుకోనక్కర్లేదు, ఫొటోలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. డాక్టరుకూ అవి పనికొస్తాయి.

మానేసిన మాత్రలు మీ అంతట మీరు మళ్లీ వేసేయకండి. పాత చీటీ, ఖాళీ అట్టలు పట్టుకెళ్లండి. పరగడుపు షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల కోసం క్రియాటినిన్, ఈ మూడు పరీక్షలూ చేయమని అడగండి. వాంతులు, మగత, ఆయాసం కనిపిస్తే మాత్రం దేనికీ ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక ఆయన అంటున్న రాత సంగతి. మీవారు పొలంలో అలా ఉండరు, గమనించారా? ధవళేశ్వరం దగ్గర నీళ్లెప్పుడు వదులుతారో, దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీటి వంతు ఎప్పుడొస్తుందో ఆయన చేతిలో లేదు. అయినా బోదె కాలువలో పూడిక తీయిస్తారు. చేలో దోమపోటు కనిపిస్తే ‘ఈ చేను రాత ఇంతే’ అని అరుగు మీద కూర్చోరు. బ్యారేజీ దగ్గర గోదారి 11.75 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్లు మూడోదాకా ఆగకుండా పశువుల్ని గట్టుకు తోలేస్తారు. వరద రాక తప్పదని వాళ్లకూ తెలుసు. ఆవు మునగడం తప్పించవచ్చనీ తెలుసు. గాలిలో దీపం పెట్టి ‘దేవుడా నీదే భారం’ అనడాన్ని మనవాళ్లు ఎప్పుడూ భక్తి కింద లెక్కకట్టలేదు, ఎగతాళిగానే చెప్పుకున్నారు.

శాస్త్రం చెప్పమని అడిగితే పాత ఆయుర్వేద గ్రంథం చరక సంహితలోనే ఉంది, విమానస్థానం మూడో అధ్యాయంలో. ఆయుష్షు ముందే ఖాయమై ఉంటుందా అని శిష్యుడు అగ్నివేశుడు అడుగుతాడు. అందరి ఆయుష్షూ ఖాయమే అయితే మందులెందుకు, శాంతులెందుకు, క్రూరమృగం ఎదురైతే తప్పుకోవడమెందుకు అని గురువు ఆత్రేయుడి జవాబు. బండి ఇరుసును పోలిక తెస్తాడు. మంచి ఇరుసు మామూలుగా వాడుకుంటే అరిగి అరిగి తన కాలానికి పోతుంది. అదే ఇరుసు మీద మోయలేని బరువు వేసినా, గతుకుల దారిలో తోలినా నడుమ విరుగుతుంది. రెంటికీ ‘రాత’ అనే పేరు పెట్టేస్తే బండివాడికి పనే ఉండదు. ఆ అధ్యాయం దైవం అంటే ఏమిటో కూడా చెబుతుంది: వెనకటి జన్మలో మనమే చేసుకున్నది దైవం, ఇప్పుడు చేస్తున్నది పురుషకారం. అంటే ఈ రోజు మాత్ర మానేయడం కూడా రాతలో ఒక పంక్తి రాయడమే, ఆయన తన చేత్తోనే.

ఇదంతా చెప్పి ఆయన్ని ఓడించమని కాదు. వాదనలో ఓడిన మనిషి ఆస్పత్రికి రాడు, భోజనం మానేస్తాడు. పైగా ఆయన చెబుతున్నది వేదాంతం అయ్యుండదనే నా అనుమానం. కొడుకు పోయిన తండ్రి మాత్రలు ఆపేసి, పుండు చూసుకోకుండా, ‘పోయే రోజు’ అని మాట్లాడుతున్నారంటే, వాడి వెనకే పోవాలనిపిస్తోందని ఇంకోరకంగా చెబుతున్నారేమో. సూటిగా అడగండి: ‘ఏమండీ, మీకు బతకాలనిపించడం లేదా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు, చాలాసార్లు అడిగినందుకు మనసు తేలికవుతుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా లేచిపోయినా, ఆయన్ని ఒంటరిగా వదలకండి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. ముందు మీరు చేసి, తర్వాత ఆయన చేతికి ఫోనివ్వండి. ఇంకొకటి, ఆయన జవాబుతో పని లేకుండా ఈ రోజే చేయాల్సింది. ఇంట్లోనో పశువుల పాకలోనో ఉన్న పురుగుమందు డబ్బాలు తీసి మరిదిగారింట్లో తాళం వేయించండి. ఆ క్షణంలో డబ్బా చేతికి అందకపోతే ఆ గండం గడిచిపోవడానికే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మీ సంగతి. మీరు రెండే దారులున్నాయనుకుంటున్నారు: దేవుడు రాశాడు, లేదా నేను చంపాను. ఈ రెండూ తప్పించి మూడోది లేదనుకోవడంలోనే చిక్కంతా ఉంది. కారణం వేరు, తప్పు వేరు. భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకంలో ఏ పని జరగడానికైనా అయిదు కారణాలు చెబుతారు: చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల కదలికలు, అయిదోది దైవం. ఆ రాత్రికి పెట్టి చూడండి. చోటు, గట్టు గోడ లేని మలుపు. చేసేవాడు, బండి నడుపుతున్న మీ అబ్బాయి. సాధనం, బండీ దాని లైటూ. కదలిక, ఎదురుగా ఏమొచ్చిందో, చక్రం ఎక్కడ జారిందో. దైవం అయిదోది. ‘అమ్మ పంపింది’ అన్నది ఈ తాడులో ఒక పోగు. పోగు కాదని నేననను, అంటే మీరు నమ్మరు కూడా. కానీ తాడంతా అదే కాదు.

ఒక కాగితం తీసుకుని నడిమికి అడ్డగీత గీయండి. గీత పైన ఆ రాత్రి ఎనిమిదింటికి మీకు తెలిసినవి మాత్రమే రాయండి: మాత్రలు అయిపోయాయి, వాడికి బండి నడపడం వచ్చు, అదే దారిలో రోజూ వెళతాడు. గీత కింద తర్వాత తెలిసినవన్నీ రాయండి. మిమ్మల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వని మాటలన్నీ కింద భాగంలోవే అయ్యుంటాయి. తప్పు ఒప్పు చూడాల్సింది పై భాగంతో. అది చదివి, మీ వీధిలో ఇంకో తల్లి అయితే ఏం చేసేదో ఆలోచించండి. ఒక్కసారి రాస్తే పోదు. నెల రోజులు, ఆ మాట బుర్రలోకి వచ్చినప్పుడల్లా తీసి, పైదో కిందదో చూసుకోండి.

దేవుడికి ముందే తెలుసా? భద్రాచలం దగ్గర నీటిమట్టం చూసినవాడు ధవళేశ్వరానికి వరద ఎప్పటికొస్తుందో చెబుతాడు. వాడికి తెలియడం వల్ల నీళ్లు కదలవు, కదులుతున్నాయి కాబట్టి వాడికి తెలుస్తుంది. తెలియడం వేరు, చేయించడం వేరు అని పెద్దలు చెప్పేది ఇలాంటిదే. కానీ ఈ పోలిక కొంతదూరమే వస్తుంది. నీటిమట్టం చూసేవాడు వానను పుట్టించలేదు, గోదారిని తవ్వలేదు. దేవుడు చూసేవాడే కాదు, చేసేవాడు కూడా అంటాం కదా, మరి అప్పుడు? ఇక్కడ పెద్ద పెద్దవాళ్లే విడిపోయారు. శ్రీవైష్ణవుల్లో ఒకరు కోతిపిల్లలా మనం తల్లిని పట్టుకోవాలన్నారు, ఇంకొకరు పిల్లికూనలా తల్లే నోట కరచుకుని పోతుందన్నారు. గీత అయితే తేల్చనే లేదు. 18వ అధ్యాయం 61వ శ్లోకంలో ఈశ్వరుడు అందరి గుండెల్లో ఉండి యంత్రానికెక్కించినట్టు తిప్పుతున్నాడంటుంది. రెండు శ్లోకాలు దాటాక, 63లో, ‘అంతా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి’ అంటుంది. రెంటినీ పక్కపక్కన ఉంచిందే గానీ, ఒకదాన్ని కొట్టేయలేదు. తెలిసిందన్నవాడికి తెలియదని కేనోపనిషత్తు అననే అంది. కాబట్టి ‘దేవుడి లెక్క ఇదీ’ అని మీ గుమ్మంలోకొచ్చి చెప్పేవాళ్లను, అది మీ అత్తయ్యగారైనా పిన్ని కూతురైనా, కాస్త అనుమానంగానే వినండి. రాత అన్న మాటతో జరిగిపోయినదాని బరువు దించుకోండి, తప్పులేదు. రేపు ఆస్పత్రికి వెళ్లాలా వద్దా అన్నదానికి మాత్రం అది జవాబు కాదు.

పిన్ని కూతురితో గొడవ పడకండి. పందొమ్మిదో శతాబ్దం నుంచీ నరసాపురంలో క్రైస్తవ మిషన్ ఉన్న ప్రాంతం మనది, ఆ మాటలు ఇక్కడ కొత్తవి కావు. బైబిల్లో ముందే నిర్ణయించడం అని వచ్చేచోట ముఖ్యంగా రక్షణ గురించి మాట్లాడతారు. మోటారుసైకిలు ప్రమాదానికి ఆ వాక్యం తెచ్చి అతికించడం తొందరపాటు. లూకా సువార్త 13వ అధ్యాయం చదివి వినిపించమనండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని ఆయనే చెబుతాడు.

అత్తయ్యగారి మాటల్లో ఒక సంగతి మీరు రాశారు గానీ చూసుకోలేదనిపిస్తోంది. ఆ మాత్రలు ఆవిడవే. ‘నువ్వు పంపావు’ అనకపోతే ‘నా కోసం పోయాడు’ అన్న మాట ఆవిడ గుండెలోకి రావాలి. అది మోయలేక ఒకసారి మీ మీద, ఒకసారి రాత మీద వేస్తున్నారు. ఆవిడ మాటలు సరైనవని కాదు, ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలిస్తే అంత లోతుగా దిగవని. ఎవరూ లేనప్పుడు దగ్గర కూర్చుని ‘అత్తయ్యా, వాడు మీ మాత్రల కోసం వెళ్లాడని నేనెప్పుడూ అనను, నేను పంపానని మీరూ అనకండి’ అనండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, బదులు చెప్పకండి.

40 వేల శాంతికి అప్పు చేయకండి. ఫలానా రోజుకల్లా దోషం పోతుందని ఖాయంగా చెప్పేవాళ్లను నమ్మకండి. మందపల్లి శనీశ్వరుడి గుడిలో తైలాభిషేకం చేయించుకుంటే మనసు కుదుటపడుతుందంటే వెళ్లిరండి, దానికి అంత ఖర్చు ఉండదు. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నారా? ప్రదక్షిణలు మీరు చేయండి. ఆయన ఆ పాదంతో, చెప్పుల్లేకుండా, ఎండకు కాలిన బండల మీద నడవకూడదు. ఒంటిపూట ఉపవాసం కూడా, మాత్రలు మళ్లీ మొదలయ్యాక డాక్టర్ని అడిగాకే. తిండి లేకుండా కొన్ని షుగరు మాత్రలు వేస్తే షుగరు బాగా పడిపోయి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి.

ఆ మలుపు ఇంకా అలాగే ఉండి ఉంటుంది. ఒక అర్జీ రాయండి: ఊరి పేరు, కాలువ పేరు, మలుపు ఎక్కడో, ప్రమాదం తేదీ, ఎఫ్ఐఆర్ నంబరు, రెండు ఫొటోలు. అడగాల్సింది అడ్డుగోడ, రాత్రి మెరిసే రిఫ్లెక్టర్లు. సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, రసీదు తప్పక అడగండి. గట్టు జలవనరుల శాఖది, రోడ్డు ఇంకో శాఖది అని ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. అందుకే రెండు శాఖలకూ అని మొదటే రాయండి.

ఆయనతో ‘ఆస్పత్రికి పదండి’ అనకండి. ప్రమాద గుర్తులేవీ లేకపోతేనే ఇలా చేయండి: ‘బాబు పడిన చోట గోడ కట్టమని అర్జీ ఇవ్వాలి, సోమవారం నాతో రండి, పనిలో పనిగా కాలు చూపిద్దాం’ అనండి. ఇద్దరి ఆధార్, బియ్యం కార్డు సంచిలో పెట్టుకోండి, చేర్చుకోవాల్సి వస్తే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవకు కావాలి. అప్పటికీ కదలకపోతే ఊళ్లో ఆర్ఎంపీతో ముందుగా మాట్లాడి ఇంటికి పిలవండి. కట్టు కట్టడానికి కాదు, ‘ఇది నా వల్ల కాదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి’ అని ఆయన నోటితో అనిపించడానికి.